ఒక్కరోజే ఆరిపోయిన మూడు బిరుదులు

పిల్లలూ! నేను బడిలో పనిచేసినన్నాళ్ళూ మీవంటి వాళ్ళంతా నన్ను "సార్" అన్నారు. ఉద్యోగం మానుకున్నాక కూడా సంతలో కనిపిస్తే అలాగే పిలుస్తున్నారు. కాని నా కొడుకయిన పాపానికి మా అబ్బాయిని ఎవరూ "సార్" అనరు. ఇంగ్లండులో మాత్రం ఇల్లూ పొలమూ లాగా తండ్రి తరవాత కొడుక్కు వచ్చే "సర్" ఒకటి ఉన్నది. దాన్ని బారొనెట్ బిరుదు అంటారు.

1611లో మొదటి జేమ్స్ రాజు దాన్ని పుట్టించాడు. ఊరికే ఇవ్వలేదు సుమా! ఐర్లండులోని అల్‌స్టర్‌లో సైన్యం నిలపటానికి ఆయనకు డబ్బు కావలసి వచ్చింది. ముప్ఫైమంది సిపాయిలను మూడేళ్ళపాటు పోషించే ఖర్చు ఎవరు కడతారో వారికి బిరుదు. సిపాయికి రోజుకు ఎనిమిది పెన్నీలు. ఆ రోజుల్లో పౌనుకు 240 పెన్నీలు. మొత్తం 1,095 పౌన్లు కావాలి, లెక్క కట్టి చూడండి.

ఇలాంటి బిరుదులకు సాధారణంగా ఒక షరతు ఉండేది. మొదట పొందినవాడి వంశంలో పుట్టిన మగవాడికే అవి చెల్లుతాయి. కూతురికి రావు. మన దేశంలో లాగా దత్తత చేసుకుని వంశం నిలుపుకుందామన్నా వీలులేదు. మగవాడు లేకపోతే ఆనాటితో బిరుదు ఆరిపోయినట్టే.

బకింగ్‌హాంషైరులో క్లేడన్ అనే చోట వెర్నీలని ఒక కుటుంబం ఉండేది. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు ఎడ్మండ్ వెర్నీ రాజు జెండా మోస్తూ ఎడ్జ్‌హిల్ దగ్గర చనిపోయాడు. ఆయన పెద్దకొడుకు రాల్ఫ్ పార్లమెంటు పక్షాన ఉన్నాడు! తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు. ఆ ఇంట్లోవాళ్ళు ఎంత నలిగిపోయారో ఊహించుకోండి. మరుసటి ఏడు పార్లమెంటు ఒక ప్రమాణం చెయ్యమంటే రాల్ఫ్ మనసొప్పక ఫ్రాన్సుకు వెళ్ళిపోయాడు. యుద్ధాలు ముగిసి, రాజు తిరిగి వచ్చాక, 1661లో ఆయన బారొనెట్ అయాడు. ఆయన కొడుకు జాన్ 1703లో వైకౌంట్ అయాడు. జాన్ కొడుకు 1743లో ఎర్ల్ అయాడు. అంటే ఎనభైరెండేళ్ళలో మూడు మెట్లు.

ఆ మొదటి ఎర్ల్‌కు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జాన్ తండ్రి బతికి ఉండగానే, 1737లో పోయాడు. ఆ ఏడే జాన్‌కు మేరీ అని ఒక కూతురు పుట్టింది. 1752లో మొదటి ఎర్ల్ పోయాడు. మేరీ మగపిల్లవాడయి ఉంటే పదిహేనేళ్ళకే బిరుదులన్నీ ఆ పిల్లవాడివే. ఆడపిల్ల గనక అవి బాబాయి రాల్ఫ్‌కు వెళ్ళాయి. (వీళ్ళింట్లో రాల్ఫ్‌లు ఎందరో! నేను కూడా చాలాసార్లు తికమకపడ్డాను.)

ఈ బాబాయి చెడ్డవాడు కాడు, దానధర్మాలు చేసే చెయ్యి. వారన్ హేస్టింగ్స్‌ను విచారణకు లాగిన ఎడ్మండ్ బర్క్ 1765లో పార్లమెంటులో అడుగుపెట్టింది ఈయన చలవవల్లనే. కాని, పక్కనున్న స్టోవ్ భవనాన్ని మించిన భవనం కట్టాలని పంతం పట్టాడు. పెద్ద నాట్యశాల, గుండ్రని హాలు అన్నీ లేచాయి. డబ్బు కోసం ఈస్టిండియా కంపెనీ వాటాలలో జూదం వంటి బేరం చేశాడు. 1769లో హైదరాలీ కర్ణాటక ప్రాంతంలో కంపెనీ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెడుతున్నాడని లండనుకు వార్త చేరింది. వాటాల ధర కుప్పకూలింది. మన దక్షిణాదిన దౌడు తీసిన గుర్రాల దెబ్బ క్లేడన్ భవనానికి తగిలింది! ఎర్ల్ అప్పులలో మునిగాడు. చివరికి ఇంట్లో సామాను కూడా అమ్ముడుపోయింది. 1791లో పిల్లలు లేకుండా ఆయన చనిపోయాడు. బారొనెట్, వైకౌంట్, ఎర్ల్, మూడు బిరుదులూ ఆ రోజే ఆరిపోయాయి.

మేరీకి అప్పటికి యాభై దాటాయి. బిరుదులు రాకపోయినా ఇల్లు ఆమెకే వచ్చింది. వస్తూనే ఆమె భవనంలో మూడింట రెండు వంతులు పడగొట్టించింది. నాట్యశాలా పోయింది, గుండ్రని హాలూ పోయింది. తెలివిగల పనే అని నా అభిప్రాయం. 1792లో ఆమెకు ఫెర్మనా బారొనెస్ అని సొంతంగా ఒక బిరుదు ఇచ్చారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1810లో అది కూడా ఆరిపోయింది.

ఇల్లు ఒక తల్లి కడుపున పుట్టిన చెల్లెలికి వెళ్ళింది. ఆమె తండ్రి కాల్వర్ట్ అనే వేరొకాయన, వెర్నీల రక్తం ఆమెలో లేదు. అయినా వెర్నీ పేరు పెట్టుకున్నది. 1827లో ఆమె పోయాక, వాళ్ళ బంధువు సర్ హారీ కాల్వర్ట్ కూడా ఆ పేరే పెట్టుకున్నాడు. ఆయన "సర్" వేరు, 1818లో ఆయన తండ్రికి వచ్చినది.

ఈ సర్ హారీ 1858లో పార్థినోపీ నైటింగేల్‌ను రెండో పెళ్ళి చేసుకున్నాడు. అవును, మీ పాఠంలోని ఫ్లారెన్సు నైటింగేల్‌కు సొంత అక్క! ఫ్లారెన్సు కూడా తరచు ఆ ఇంటికి వచ్చి ఉండేది. ఆ ఇంట్లో పాత వెర్నీల ఉత్తరాలు గుట్టలుగా పడి ఉన్నాయి, ముప్ఫైవేలకు పైగా. యుద్ధకాలంలో రాల్ఫ్‌కు వచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. కీళ్ళవాతంతో బాధపడుతూనే పార్థినోపీ వాటిని చదివి, ఆ కుటుంబం చరిత్ర రాయటానికి పూనుకున్నది. 1890లో ఆమె పోయింది. మొదటి సంపుటాలు 1892లో అచ్చయాయి. మిగిలిన పని సవతి కొడుకు భార్య మార్గరెట్ పూర్తి చేసింది.