తుక్కుకు పంపే ముందు మూడు ప్రశ్నలు

కంప్యూటరు తెర మీద అక్షరాలు ఉన్నట్టుండి లావెక్కుతాయి. బొమ్మలు సాగదీసినట్లు కనిపిస్తాయి. ఒక్కోసారి కాసేపు పనిచేసి తెర నల్లబడిపోతుంది. ఎవరో ఒకరు వచ్చి చూసి, "గ్రాఫిక్స్ కార్డు పోయింది. ఎలాగూ పాత మిషనే కదా, తీసేయండి" అంటారు. ఆ కంప్యూటరుకు గుడ్డ కప్పి గది మూలకు నెట్టేస్తారు. కొంతకాలానికి అది తుక్కు కొనేవాని బండి ఎక్కుతుంది.

"పోయింది" అన్నది చిన్న మాటే కాని, అది ఒక తీర్పు. తీర్పుకు ముందు విచారణ జరగాలి. సైన్సు తరగతిలో మనం ఆధారం లేనిదే దేనినీ ఒప్పుకోము. లిట్మస్ కాగితం రంగు మారితేనే ఆమ్లం అంటాము. అదే బడిలో, పక్క గదిలో, ఒక యంత్రం ప్రాణం పోయిందని ఏ పరీక్షా లేకుండా ప్రకటిస్తాము. ఇది సబబేనా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాత కంప్యూటరును ఉంచాలా, తీసివేయాలా అన్నది పరీక్ష చేసి తేల్చవలసిన విషయం. ఆ పరీక్ష ఎనిమిదో తరగతి నుంచి పైవారు ఎవరైనా ఉపాధ్యాయుని సమక్షంలో చేయగలిగినదే.

డ్రైవరు అంటే దుబాసీ

డ్రైవరు అనగానే మనకు బస్సు నడిపే మనిషి గుర్తుకు వస్తాడు. కంప్యూటరులో డ్రైవరు మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. దీనిని దుబాసీ అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. కుంఫిణీ కాలంలో దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లీషు రాదు. ఇద్దరి మధ్య దుబాసీ నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చెప్పేవాడు. అలాగే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రతి కార్డు లోపలి భాషా తెలియదు. కార్డుకు ఆపరేటింగ్ సిస్టమ్ భాష తెలియదు. ఆ రెండింటికీ మధ్యవర్తి డ్రైవరు.

ఈ మధ్యవర్తి పని తక్కువేమీ కాదు. ఒక మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 4 బైట్లు అనుకుంటే, ఒక్క బొమ్మకు 82,94,400 బైట్లు. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు! ఇంత పనిని కార్డు చేత సక్రమంగా చేయించాలంటే దాని భాష క్షుణ్ణంగా తెలిసిన దుబాసీ కావాలి.

దుబాసీ లేకపోతే ఏమవుతుంది? సైగలతో నెట్టుకు రావాలి. 1987లో ఐబిఎమ్ కంపెనీ తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏ అనే పద్ధతిని తెచ్చింది. అందులో తెర మీద చుక్కలు అడ్డంగా 640, నిలువుగా 480. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు వచ్చిన కార్డులన్నీ తమ సొంత భాషతో పాటు ఈ పాత సైగలను కూడా నేర్చుకునే పుట్టాయి. సరైన డ్రైవరు దొరకనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఇలాంటి సైగలతోనే పని జరుపుకుంటుంది. తెర మీద చుక్కలు తగ్గుతాయి, అందుకే అక్షరాలు లావెక్కుతాయి. అది జబ్బు కాదు, దుబాసీ రాలేదని కబురు మాత్రమే.

మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: స్విచ్చి వేసిన తొలి క్షణాలలో తెర ఎలా ఉంది? అప్పుడు బోర్డు తయారుచేసిన కంపెనీ పేరో, కొన్ని తెల్లని అక్షరాలో కనిపిస్తాయి. ఆ సమయానికి విండోస్ ఇంకా నిద్ర లేవలేదు. డ్రైవరు రంగంలోకి రానే లేదు. అప్పుడే గీతలు, రంగు మచ్చలు కనిపిస్తే డ్రైవరు నిర్దోషి. ఇక మిగిలిన అనుమానితులు కేబులు, మానిటరు, కార్డు. మానిటరు బొత్తాం నొక్కితే వచ్చే దాని సొంత మెనూను మానిటరే గీస్తుంది, కార్డు కాదు. ఆ మెనూ మీద కూడా మచ్చలు ఉంటే దోషం మానిటరుదే. మెనూ శుభ్రంగా ఉంటే కేబులు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే కార్డు మీద అనుమానం బలపడుతుంది.

రెండో ప్రశ్న: సేఫ్ మోడ్‌లో తెర ఎలా ఉంది? సేఫ్ మోడ్‌లో విండోస్ కార్డు అసలు డ్రైవరును పిలవదు, సైగలతోనే పని కానిస్తుంది. అక్కడ బాగుండి, మామూలుగా నడిపినప్పుడు చెడితే అనుమానం డ్రైవరు మీదికి పోతుంది. అయితే తొందరపడకూడదు. మామూలు స్థితిలో కార్డు ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువ వేడెక్కుతుంది. వేడికి తట్టుకోలేని కార్డు కూడా ఇలాగే ప్రవర్తించవచ్చు. కనుక ఫ్యాను తిరుగుతోందా, దుమ్ము పేరుకుందా అన్నది కూడా చూడాలి.

మూడో ప్రశ్న: కంప్యూటరు తనంతట తాను ఏమి చెబుతోంది? విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న చోట చూడండి. విండోస్ 10లో అక్కడ కార్డు పేరుకు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవరు పనిచేయడం లేదన్నమాట. కోడ్ 28 అని కనిపిస్తే డ్రైవరు ఎక్కించలేదని అర్థం. కోడ్ 43 అయితే ఆ పరికరం ఏదో ఇబ్బంది చెప్పినందున విండోస్ దానిని ఆపివేసిందని అర్థం. ఇది డ్రైవరు వల్లా కావచ్చు, కార్డు వల్లా కావచ్చు. అప్పుడు మొదటి రెండు ప్రశ్నల జవాబులతో కలిపి చదువుకోవాలి.

ఈ మూడు ప్రశ్నలకూ ఒకటే నియమం: ఒకసారికి ఒకే మార్పు. కేబులు, డ్రైవరు, కార్డు మూడూ ఒకేసారి మార్చి, తెర బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది? లోలకం ప్రయోగంలో దారం పొడవు మార్చేటప్పుడు గుండును మార్చము కదా! ఇదీ అంతే. ప్రతి మార్పునూ, దాని ఫలితాన్నీ తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఒకటి బతికింది, ఒకటి పోయింది

మా పాఠశాలలో రెండు పాత కంప్యూటర్లను పదో తరగతి వారు ఇలాగే పరీక్షించారు. రెండింటినీ "కార్డు పోయింది" అని ఒకేసారి పక్కన పెట్టారు. మొదటి దానిలో జీఫోర్స్ 210 కార్డు ఉంది. 2009లో వచ్చిన రకం. దానిలోని విండోస్ 7 తీసి విండోస్ 10 ఎక్కించిన నాటి నుంచి అక్షరాలు లావెక్కాయి. "మాస్టారూ, స్విచ్చి వేయగానే వచ్చే అక్షరాలు శుభ్రంగా ఉన్నాయండీ" అని ఒక అమ్మాయి మొదటి జవాబు రాసింది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు లేదు. ఆ గదికి ఇంటర్నెట్ లేదు కనుక విండోస్ తనంతట తాను డ్రైవరు తెచ్చుకోలేదు. పిల్లలు వేరే చోటి నుంచి ఒక డ్రైవరు తెచ్చి ఎక్కించబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. చూస్తే అది 32 బిట్ల రకం. విండోస్ 64 బిట్లది. 64 బిట్ల విండోస్‌కు 64 బిట్ల డ్రైవరే కావాలి. సరైనది దొరికాక తెర మామూలుగా మారింది.

రెండో కంప్యూటరు సంగతి వేరు. స్విచ్చి వేసిన తొలి క్షణంలోనే తెర నిండా రంగు మచ్చలు. మానిటరు మెనూ శుభ్రంగా ఉంది. కేబులు మార్చినా అంతే. వేరే కంప్యూటరు నుంచి మంచి కార్డు తెచ్చి పెడితే మచ్చలు పోయాయి. అంటే కార్డు నిజంగానే పోయింది. దానిని తీసివేశాము, కాని ఈసారి కారణం తెలిసి తీసివేశాము.

కార్డులు చెడిపోవని నేను అనడం లేదు. వేడెక్కినప్పుడు పదార్థాలు వ్యాకోచిస్తాయి, చల్లారితే సంకోచిస్తాయి. ఇలా వేల సార్లు జరిగితే చిప్పును బోర్డుకు అతికించే సన్నని అతుకులు పగలవచ్చు. 2008 జూలైలో ఎన్విడియా కంపెనీయే తన లాప్‌టాప్ చిప్పులు కొన్నింటిలో ఇటువంటి లోపం ఉందని ఒప్పుకుని, ఆ ఖర్చుల కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది.

కంపెనీ మాట ప్రకృతి నియమం కాదు

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. కార్డు బాగానే ఉంటుంది, కాని దానిని తయారుచేసిన కంపెనీ కొత్త డ్రైవర్లు రాయడం మానేస్తుంది. ఏఎమ్‌డీ కంపెనీ 2012లో రేడియాన్ హెచ్‌డీ 2000, 3000, 4000 వరుసల కార్డులను పాతవాటి జాబితాలోకి నెట్టింది. 2012లోనే వచ్చిన విండోస్ 8, విండోస్ ఎక్స్‌పీ కాలపు పద్ధతిలో రాసిన డిస్‌ప్లే డ్రైవర్లను పూర్తిగా పక్కన పెట్టింది. ఇవన్నీ వ్యాపార నిర్ణయాలు. కంపెనీకి తన కారణాలు ఉండవచ్చు. కాని ఆ నిర్ణయం జరిగిన రోజున కార్డులోని ఒక్క ట్రాన్సిస్టరు కూడా మారలేదు. నిన్న గీసిన బొమ్మను అది నేడు కూడా గీయగలదు.

ఈ సంగతి గ్రహించిన వారు లినక్స్ ప్రపంచంలో ఉన్నారు. 2007లో ఏఎమ్‌డీ తన కార్డుల వివరాలను బయటపెట్టడం మొదలుపెట్టాక, అందరూ చదివి సవరించగల డ్రైవర్లు బాగా పెరిగాయి. ఎన్విడియా కార్డుల కోసం రాసిన 'నూవో' డ్రైవరు కథ మరీ ఆసక్తికరం. కంపెనీ వివరాలు ఇవ్వకపోతే, కంపెనీ డ్రైవరు కార్డుకు ఏయే సంఖ్యలు పంపుతోందో, కార్డు ఏమి చేస్తోందో ఓపికగా గమనించి, ఆ భాషను కనిపెట్టారు. 2010లో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. పరిశీలన, ఊహ, పరీక్ష – మన పాఠ్యపుస్తకంలో చదివే మూడు మెట్లే కదా ఇవి! హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ వారు తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్ళుగా లినక్స్‌తోనే పాఠాలు చెబుతున్నాయి.

కాదనేవారికి జవాబు

"పిల్లలు ఉన్నదీ పాడుచేస్తారు" అని కొందరంటారు. పైన చెప్పిన మూడు ప్రశ్నలలో చాలా భాగం కళ్ళతో చూసి రాసేదే. మూత తీయవలసి వస్తే ప్లగ్గు పీకాలి, ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలవ ఉండవచ్చు. డ్రైవరును కార్డు తయారుచేసిన కంపెనీ నుంచో, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచో మాత్రమే తీసుకోవాలి. "ఉచితంగా అన్ని డ్రైవర్లూ ఎక్కిస్తాము" అనే ఊరూ పేరూ లేని ప్రోగ్రాములను దగ్గరకు రానీయరాదు.

"పాత కంప్యూటర్లకు భద్రత ఉండదు" అనే అభ్యంతరంలో న్యాయం ఉంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలో ముగిసింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ముగిసింది. అటువంటి వాటిని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకోవాలి, లేదా ఇప్పటికీ మద్దతు ఉన్న లినక్స్ ఎక్కించాలి. టైపింగు, గ్రాఫులు, ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవారికి ఇంటర్నెట్ లేని కంప్యూటరైనా చాలు. నలుగురికి ఒక కంప్యూటరు ఉన్న బడిలో ఇంకొకటి బతికితే ముగ్గురికో ఇద్దరికో ఒకటి వస్తుంది. అది చిన్న లాభం కాదు.

తుక్కు సంగతి కూడా ఆలోచించండి. 2022లో ప్రపంచమంతటా పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్కగట్టింది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతమే. డ్రైవరు లేక మూలపడ్డ మంచి కార్డు కూడా ఆ గుట్టలో చేరడం న్యాయం కాదు.

కనుక ప్రతి పాఠశాలలోను ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క నోటు పుస్తకం ఉండాలని నా సూచన. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాసి, ఉపాధ్యాయుడు సంతకం చేయనిదే ఏ కంప్యూటరునూ తుక్కు కింద రాయరాదు. మీ బడిలో గుడ్డ కప్పిన కంప్యూటరు ఏదైనా ఉందేమో రేపు చూడండి. మీ సైన్సు ఉపాధ్యాయుని అనుమతి తీసుకుని స్విచ్చి వేయండి. తొలి ఐదు సెకన్లు తెరను జాగ్రత్తగా గమనించి, కనిపించినది కనిపించినట్లు మొదటి పేజీలో రాయండి.