వాకపల్లి తీర్పు - ప్రభుత్వ ధర్మము

2023వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణమందలి ప్రత్యేక న్యాయస్థానము వాకపల్లి వ్యాజ్యమున 13 మంది పోలీసులను నిర్దోషులని విడిచిపుచ్చినది. దర్యాప్తు జరిపిన యధికారులు తమ విధిని సక్రమముగా నెరవేర్పలేదనియు, ఫిర్యాదుచేసిన స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహార మిప్పింపవలయుననియు ఆ తీర్పే పలికినది. ఒకే తీర్పున నీ రెండు మాటలు నెట్లు చేరవలసివచ్చెనో పురజనులు విచారింపవలసియున్నది.

వాకపల్లి జి.మాడుగుల మండలమందలి కోదుల పల్లె. 2007వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్సు పోలీసులు తమ్ము చెరచిరని ఆ పల్లెలోని 11 మంది స్త్రీలు మొరపెట్టుకొనిరి. పోలీసులు కాదనిరి. విచారణ జరుగవలయునని 2017లో సుప్రీముకోర్టు చెప్పవలసివచ్చినది. మొరకును తీర్పునకును నడుమ పదునైదేండ్లకు మించి గడచినది.

నేరము రుజువు కానివారిని దండింపుడని మేము కోరుటలేదు. రుజువులు సేకరించు భార మెవరిదని మాత్రమే యడుగుచున్నాము. పోలీసులపై వచ్చిన ఫిర్యాదును పోలీసులకే యప్పగించుట, కంచె చేను మేసినదని కంచెకే విన్నవించుకొనుట వంటిది. తొలిదినములలో జారిపోయిన సాక్ష్యమును పిమ్మట నెంతటి న్యాయమూర్తియు తెచ్చియియ్యజాలడు.

మావోయిస్టులు సంచరించు నడవులలో పోలీసుల చేతులు కట్టరాదని కొందరందురు. ప్రాణములకు తెగించి పనిచేయువారి కష్టము మేమెఱుగనిది కాదు. కాని నిష్పక్షపాతమగు దర్యాప్తు నిర్దోషియగు పోలీసునకును రక్షయే. అది లేనిచో విడుదలయైనవానిపై నింద తొలగదు. మొరపెట్టినవారి గుండెమంట చల్లారదు.

1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దండెత్తుటకు మన్యప్రజలపై దొరతనపు టధికారులు జరిపిన దౌష్ట్యము కారణము కాదా? 2022లో ఆ మన్యమునకు ఆయన పేర జిల్లా యేర్పడినది. పేరు పెట్టినంతమాత్రమున ఋణము తీఱదు.

పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునకును ప్రతి జిల్లాకును ప్రత్యేక సంస్థలను నెలకొల్పుడని 2006లోనే సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. మన్యమున నట్టి సంస్థ కాగితముమీద గాక కార్యమునందు కనబడవలయును. ఇట్టి ఫిర్యాదులను పోలీసుశాఖకు వెలుపలివారు దర్యాప్తు చేయవలయును. కోదులు తమ కువి భాషలో చెప్పుకొన్న మాట చెప్పినట్లే వ్రాతకెక్కవలయును. వారి పక్షమున వాదించు న్యాయవాదిని ప్రభుత్వమే మొదటినాడే నియమింపవలయును. పరిహారము ప్రజాధనము, విధి తప్పిన యధికారులను ప్రశ్నింపనిచో వారి తప్పునకు ప్రజలే వెల చెల్లించినట్లగును.

ప్లీడరును పెట్టుకొనలేనివానికి ప్రభుత్వమే ప్లీడరు. ప్రతివాది తన యుద్యోగియే యైనప్పుడు సైత మా పని విడువకుండుటయే ప్రజాప్రభుత్వమునకు పరీక్ష.