సర్కారు తుమ్మ నుండి పార్టికల్ బోర్డు: కలపతోపాటు భూమినీ లెక్కించాలి

తాడిపత్రి పరిసరాలలో పెన్న ఒడ్డున, చెరువు గర్భాలలో, బీడు భూములలో ఏడాది పొడవునా పచ్చగా కనిపించే ముళ్ళపొద సర్కారు తుమ్మ. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన సంవత్సరంలోనూ ఇది వాడదు. దీని వంకర కొమ్మలు పలకలకు పనికిరావు గనుక వంటచెరకుగా, బొగ్గుగానే ఎక్కువగా వినియోగమవుతున్నది. పార్టికల్ బోర్డుకు పొడవైన దుంగలతో పనిలేదు; చిన్న ముక్కలు చాలు. అందుచేత ఈ కంపను బోర్డు పరిశ్రమకు మళ్ళించాలన్న ఆలోచన సహేతుకమే. దానిని ఏ షరతులతో ప్రోత్సహించాలన్నదే విస్తరణ శాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం.

మొదటిది సాంకేతికాంశం. ఈ కలప సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 700 నుండి 900 కిలోలు. సాధారణ బోర్డు సాంద్రత 650 నుండి 750 కిలోలు. బోర్డు సాంద్రత కలప సాంద్రతను మించేలా ఒత్తినప్పుడే ముక్కలు ఒకదానికొకటి గట్టిగా అంటుకొంటాయి. కేవలం తుమ్మతో చేసిన బోర్డు బలహీనంగానైనా ఉంటుంది, లేదా మితిమీరి బరువెక్కుతుంది. సన్నని కొమ్మలలో బెరడు పాలు ఎక్కువ కావడం మరొక లోపం. అది జిగురును పీల్చుకొని పట్టును తగ్గిస్తుంది. తేలికైన పత్తికట్టె, కందికట్టె కలపడం ఇందుకు మార్గం. వాటి పాళ్ళను స్థానిక నమూనాలతో ఐ.ఎస్. 3087 ప్రమాణాల ప్రకారం పరీక్షించి నిర్ణయించాలి.

రెండవది, మరింత ముఖ్యమైనది, గతానుభవం. వంటచెరకు కోసం మద్రాసు అటవీశాఖ తెప్పించిన ఈ విత్తనాలను 1878లో పొరుగునున్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. తీపి కాయలు తిన్న పశువుల పేడ ద్వారా ఆ మొక్క ఊరూరా వ్యాపించింది. నరికిన మోడు మళ్ళీ చిగురిస్తుంది గనుక కోత ఒక్కటే నిర్మూలన కాజాలదు. పైగా కర్మాగారానికి ఏటా ముడిసరుకు కావాలి. కంపకు ధర పలికితే బీడును తుమ్మకే వదిలివేయడం రైతుకు లాభసాటిగా తోచవచ్చు.

కావున కొనుగోలు ఒప్పందాలలో కొమ్మల బరువుతోపాటు మోళ్ళను పెకలించిన విస్తీర్ణానికి కూడా చెల్లింపు ఉండాలి. మొదట చెరువు గర్భాలను, కాలువలను చేపట్టాలి. ఖాళీ అయిన బీడులో పశుగ్రాసం, వేప, కానుగ వెంటనే పెంచాలి. లేకుంటే తుమ్మ తిరిగి వస్తుంది. ఇన్నాళ్ళు కట్టెలు కొట్టి, బొగ్గు కాల్చి జీవించిన భూమిలేని కుటుంబాలకే కోత పనిలో తొలి అవకాశం దక్కాలి. కర్మాగారానికి చేరిన టన్నులకంటే ముందు, తిరిగి వినియోగంలోకి వచ్చిన ఎకరాలు విస్తరణ నివేదికలో నమోదు కావాలి.