అమ్మ నడకకు అరగంట

మన హాస్టల్లో చదివి ఉద్యోగాలకు వెళ్ళిన అన్నలు, అక్కలు పండక్కి ఊరెళ్తూ షుగరున్న అమ్మకు ఏదో ఒక బిళ్ళల డబ్బా కొనుక్కెళ్తున్నారు. ఒకరు క్రోమియం, ఒకరు మెగ్నీషియం, ఇంకొకరు జింక్. ప్రేమతో చేసే పనే, కాదనం. కానీ చాలామంది విషయంలో ఆ డబ్బు వృథా అని మా అభిప్రాయం.

ఈ ఖనిజాలు ఒంటికి అవసరమే. అంతమాత్రాన లోపం లేనివాళ్ళు అదనంగా మింగితే షుగరు అదుపులోకి వస్తుందనడానికి గట్టి రుజువుల్లేవు. లోపం ఉందో లేదో డాక్టరు తేల్చాలి గానీ మందుల షాపు కాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికైతే మెగ్నీషియం బిళ్ళలు ప్రమాదం కూడా. రాగులు, నువ్వులు, పెసలు, పాలకూరలో మెగ్నీషియం ఎలాగూ ఉంది. (మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 తగ్గవచ్చు. అది ఖనిజం కాదు, విటమిన్. దానికి మాత్రం పరీక్ష చేయించండి.)

నడక సంగతి వేరు. కండరం కదిలితే చాలు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. ఆ ఫలితం ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే వారానికి 150 నిమిషాలు, వరుసగా రెండు రోజులకు మించి మానకుండా నడవమంటారు వైద్యులు.

"మా అమ్మ పొద్దంతా పనే చేస్తుంది, ఇంకా వ్యాయామమా?" అంటారు. నాట్లేసే అమ్మల విషయంలో సరే. మరి నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే అమ్మలు? చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దుటినుంచి కూర్చునే ఉంటారు. వేళ్ళు తప్ప ఇంకేమీ కదలదు. కూలి వెయ్యి బీడీల లెక్కన. అరగంట లేచి నడిస్తే ఆ మేరకు కూలి పోతుంది. పైగా పనేమీ లేకుండా ఆడమనిషి రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిస్తే ఊళ్ళో నవ్వుతారు. అమ్మ బద్ధకించి కూర్చోలేదు మిత్రులారా, ఆమెకు టైమూ లేదు, తోడూ లేదు.

ఈ సెలవుల్లో సాయంత్రం అంట్లు మనం తోముదాం, మగపిల్లలతో సహా. ఆ మిగిలిన అరగంట అమ్మ పక్కనే నడుద్దాం. ఇన్సులిన్ తీసుకునే అమ్మయితే కొంగున కాస్త చక్కెర ఉంచండి, కళ్ళు తిరిగితే పనికొస్తుంది. డబ్బా కొనే డబ్బుతో మెత్తటి చెప్పులు కొనండి. తిమ్మిరెక్కిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.