కడపటి పంక్తివారి పరుగు

పాలకొల్లునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము ఈ నెల మా బల్లమీద నున్నది. ఆమెకు ముప్పదితొమ్మిదేండ్లు, ఇద్దరు బిడ్డల తల్లి. "మీరు క్రిందటి సంవత్సరము విశాఖపట్టణమున అర్ధ మారథాను పరుగెత్తితిరని వింటిని. నాకును పరుగెత్తవలెనని యున్నది. ఎట్టి బూట్లు కొనవలయునో, ఎన్నినెలలు పట్టునో తెలుపగోరెదను" అని యామె యడిగినది. ఇట్టి కోరిక మనసులో నుంచుకొని పైకి చెప్పజాలని సోదరీమణులు మఱికొందఱుందురని తలచి, ఈ నెల ఊరగాయల ప్రసంగమును వాయిదా వేసి, ఈ సంగతియే వ్రాయుచున్నాము. బూట్ల మాట కడపట చెప్పెదము. దానికంటె ముందు చెప్పవలసినది వేఱొకటి కలదు.

అర్ధ మారథాను అనగా 21 కిలోమీటర్లమీద మఱి 97 మీటర్ల పైచిలుకు దూరము. ఈ వింతలెక్క యేల వచ్చినదన్నచో, 1908లో లండను ఒలింపిక్ క్రీడలలో మారథాను పరుగును 26 మైళ్ల 385 గజములుగా కొలిచిరి. 1921లో ఆ కొలతయే యందఱికిని స్థిరపడినది. అందు సగము మనది. మనవారికి తెలియునట్లు చెప్పవలెనన్న, రాజమహేంద్రవరమునుండి కొవ్వూరునకు పోవు రోడ్డు-రైలు వంతెన సుమారు నాలుగు కిలోమీటర్లు గదా; దానిని ఈ దరినుండి ఆ దరికి, ఆ దరినుండి ఈ దరికి అయిదుమార్లు దాటి ఇంకను కొంచెము పోయినంత.

మా కథ క్రిందటి జ్యేష్ఠమున మొదలయినది. అప్పుడు మాకు నలువదియేడేండ్లు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా యమ్మాయి సెలవునకు వచ్చి, "అమ్మా, మార్గశిరములో విశాఖలో నౌకాదళమువారి పరుగున్నది. నేను పోవుచున్నాను. నీవును రారాదా?" అన్నది. నవ్వులాటకన్నదో, నిజముగనే యన్నదో! మాకు మాత్రము రోషము వచ్చినది. మఱునాడు తెల్లవాఱకముందే పుష్కరఘాటునకు పోయి, గట్టువెంట పరుగు మొదలుపెట్టితిమి. కోటిలింగాల రేవుదాక పోవలెనని సంకల్పము. రెండువందల అడుగులు వేయకమునుపే ఊపిరి చాలలేదు. గుండె దడదడ కొట్టుకొన్నది. కన్నులు చీకట్లు క్రమ్మినవి. మెట్లమీద కూలబడితిమి. ఎదుట 1900లో తెఱువబడి, 1997 నుండి రైళ్లు నడువక నిలిచియున్న హేవలాకు వంతెన స్తంభములు కనబడుచుండెను. మాకును దానికిని పెద్దభేదము లేదనిపించినది.

వయస్సు మీఱినదని యూరకుందుమేమో గాని, మాకు పరిచయమున్న లేడీ డాక్టరుగారు ఊరకుండనీయలేదు. "పరుగు తరువాత. ముందు రక్తపరీక్ష చేయించుకొనుడు" అనిరి. హీమోగ్లోబిన్ 9.2 గ్రాములని తేలినది. గర్భవతులు గాని స్త్రీలకు అది 12 గ్రాములకు తగ్గరాదు. మధ్యాహ్నము రెండుగంటలకు కాళ్లు లాగుట, మేడమెట్లెక్కగనే ఆయాసము, పిల్లలమీద ఊరక విసుగుకొనుట, ఇవన్నియు సంసారపు బరువనియే ఇరువదియేండ్లు అనుకొంటిమి. కాదట, ఒంటిలో ఇనుము లోటట.

డాక్టరుగారు తరువాత వేసిన ప్రశ్న మందులను గూర్చినది గాదు. "మీరు అన్నము ఎప్పుడు తిందురు? ఏమి తిందురు?" అని యడిగిరి. మేము చెప్పిన ప్రత్యుత్తరము చదువరులలో పెక్కుమందికి తెలిసినదే. అందఱి భోజనములును అయిన పిదప, మిగిలినది. పప్పుగిన్నె అడుగున నున్నది, కూరలో ముక్కలు పోగా కంటియున్నది, పులుసు, మజ్జిగ. మా అత్తగారును అట్లే తినిరి. వారి అత్తగారును అట్లే తినియుందురు. చేయి కడుగుకొనగనే కాఫీ. అన్నము తిన్న వెంటనే కాఫీయో టీయో త్రాగినచో, తిన్నదానిలోని ఇనుము సరిగా ఒంటబట్టదని ఆనాడే మాకు తెలిసినది.

మేమొక్కరమే ఇట్లుంటిమని సిగ్గుపడనక్కఱలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల వఱకు గల స్త్రీలలో నూటికి 57గురు రక్తహీనులని తేలినది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో ముగిసిన నాటినుండి మన సీమను అన్నపూర్ణయని పొగడుచున్నారు. పొగడ్త సరియే గాని, బాగుగా తెల్లజేసిన బియ్యములో ఇనుము బహుస్వల్పము. అన్నము సమృద్ధిగా ఉన్నయింటను రక్తము కొఱత యుండవచ్చును.

ఈ సంగతి ఇంట చెప్పుట ఇరువదియొక్క కిలోమీటర్లకంటె కష్టమయినది. "ఇకమీదట మేమును మీతోడనే కూర్చుందుము. తోటకూరయో గోంగూరయో, పెసలో శనగలో మాకును మీతో సమానముగ వడ్డన కావలెను. నిమ్మచెక్క పిండుకొందుము. కాఫీ గంట తరువాత" అని మేమనగా, మాయింటివారు ఒక్కక్షణము చేయి యాపి, "మంచిది" అనిరి. ఇంతకాలము వారడుగలేదు, మేమును చెప్పలేదు. తప్పు ఎవరిదని వాదించినచో తేలదు. డాక్టరుగారిచ్చిన ఇనుపమాత్రలును వాడితిమి. వానివలన మలము నల్లబడును, మలబద్ధమును కలుగును, భయపడి మానరాదు. మాంసము, చేపలు తినువారికి కొంత సులభము. మాయింట ఆ యాచారము లేదు.

అత్తగారిమాట వేఱు. పంక్తిని గూర్చి వారేమియు అనలేదు గాని, పరుగని వినగనే, "ఏమమ్మా, ఈ వయస్సులో వీథివెంట పరుగెత్తెదవా? గర్భసంచి జాఱగలదు సుమా" అనిరి. వారిని చూచి నవ్వవలదు. 1967లో అమెరికాదేశమున బోస్టను మారథానులో కాథరిన్ స్విట్జరు అను ఇరువదియేండ్ల విద్యార్థిని తన పేరునకు బదులు పొడియక్షరములు వ్రాసి ప్రవేశించి, 261వ సంఖ్యను ధరించి పరుగెత్తినది. నడుమ నిర్వాహకుడొకడు వెంటబడి, ఆమె వంటిమీది సంఖ్యను చింపజూచెను. ఆమె ఆగక దూరమంతయు ముగించినది. అన్ని సదుపాయములు గల ఆ దేశమునను ఆనాడు స్త్రీలతో చెప్పుచుండినది మా అత్తగారి మాటయే! 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్కులలో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, అది వారి ఒంటికి మించినదని కోలాహలము చేసి, మఱల 1960 దాక పెట్టనేలేదు. స్త్రీల మారథాను ఒలింపిక్కులలో జేరినది 1984లో.

మాకీ చరిత్ర చదివిన పిదప ఒక సందేహము తోచినది. కోనసీమలో ఆషాఢ శ్రావణములలో మోకాలిలోతు బురదలో దినమంతయు నడుము వంచి నాట్లు వేయు స్త్రీలకు గర్భసంచి జాఱునని ఏ పెద్దలును పనిమాన్పించినట్లు మేము వినలేదు. కూలికి చేసినప్పుడు లేని భయము కోరికకు చేసినప్పుడే పుట్టును గాబోలు. ఇపుడు మన తణుకు పట్టణపు దండి జ్యోతికశ్రీ 2024లో పారిస్ ఒలింపిక్కులలో నలుగురు కలసి పరుగెత్తు 4×400 మీటర్ల పందెమున భారతదేశము పక్షమున పరుగెత్తినారు. ఆ మాట చెప్పిన పిదప అత్తగారు, "తణుకు పిల్లయా? ఎవరి తాలూకు?" అని యడిగిరి. అంతటితో ఆ వాదము ముగిసినది.

ఇక సాధనము. ఆషాఢ శ్రావణములు రెండును మేము నడచితిమే గాని పరుగెత్తలేదు. దవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన వారమున గట్టుమీద వరద చూడవచ్చినవారి రద్దీచే నడకకును వీలులేక, మేడమీద ఎఱ్ఱని గోదావరిని చూచుచు అటునిటు తిరిగితిమి. భాద్రపదమున మఱల పరీక్ష చేయింపగా 11.6. అప్పుడు డాక్టరుగారు సరేయనిరి.

అక్కడనుండి పదునాలుగు వారములు. వారమునకు మూడుదినములే పరుగు. నడుమ దినములు విశ్రాంతి, లేదా నడక. మొదటివారము ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక, ఇట్లు అరగంట. పరుగెత్తుచు ప్రక్కవారితో మాటలాడ గలుగవలెను. మాట తెగినచో వేగము హెచ్చినదని గుర్తు. దీనికి గడియారముతో పనిలేదు, తోడొకరుండవలెను. మాకు ప్రక్కయింటి పిన్నిగారు తోడు వచ్చిరి. ఆమె పరుగెత్తరు, సైకిలుమీద వత్తురు. చీకటిలో ఒంటరిగ పోరాదు. వీథికుక్కలకు తోడుగ మనుష్యులును ఉందురు. ఆదివారమునాడు మాత్రము దూరము పెంచుకొనుచు, నాలుగు కిలోమీటర్లతో మొదలిడి, ప్రతి నాలుగవ వారమున కొంత తగ్గించుచు, పదునేడింటి దాక పోతిమి. పరుగుదినమునకు ముందు ఇరువదియొక్కటియు పరుగెత్తి చూడనక్కఱలేదు. కార్తికములో రేవులన్నియు స్నానములకు వచ్చువారిచే క్రిక్కిఱిసియుండగా, మేము ఊరు విడిచి కడియపులంక పూలతోటల దారి పట్టితిమి. ఆ తెల్లవాఱుజాముల పరిమళము వ్రాయుటకు ఈ పుటలు చాలవు.

మన డెల్టాలో ఎండకంటె ఉక్క చేటు. చెమట ఆఱదు, ఒడలు చల్లబడదు. కావున చలిదేశములవారి వేగముతో పోల్చుకొనరాదు. నూలుబట్ట చెమటకు తడిసి బరువెక్కి చర్మమును ఒఱయును. తొడలకును చంకలకును కొబ్బరినూనె వ్రాసుకొని పోవలెను. వక్షమును బిగువుగ నిలుపు లోదుస్తు తప్పక కొనవలసినది. దీనికి సిగ్గుపడి పొదుపుచేసి, రెండు వారములు బాధపడితిమి. దప్పిగొన్నప్పుడు ఉప్పు, నిమ్మరసము కలిపిన నీరు త్రాగవలెను గాని, వట్టినీరు కడవలకొలది త్రాగుటయు అపాయమే. తలతిరిగినను, ఱొమ్ము నొప్పి తోచినను, ఆగవలెను. గుండెజబ్బు, మధుమేహము గలవారు, గర్భవతులు వైద్యుల నడిగిన పిదపనే ఈ మాట తలపెట్టవలెను.

పరుగుదినమున మేము చేసిన తెలివితక్కువపని యొకటి చెప్పెదము. విశాఖలో చీకటితోనే వేలమంది గుమిగూడిరి. ఱొమ్మున సంఖ్య గ్రుచ్చుకొన్నప్పుడు, దీనినెవరును చింపజూడరుగదా యని ఆ బోస్టను పిల్ల జ్ఞాపకము వచ్చినది. గుంపు కదలగనే ఆ యూపులో మేమును కొట్టుకొనిపోతిమి. "అమ్మా, మెల్లగా, మెల్లగా" అని అమ్మాయి మొత్తుకొన్నను వినలేదు. మొదటి అయిదు కిలోమీటర్లు ఎన్నడును పరుగెత్తనంత వేగముతో పరుగెత్తితిమి. దాని ఫలము ఎత్తువచ్చినచోట కనబడినది. మన డెల్టా అరచేతివలె చదును. మాకు తెలిసిన ఎత్తెల్ల కొవ్వూరు వంతెన ఎక్కుదారియే. సముద్రతీరపు దారియో, తెన్నేటి పార్కు వైపు కొండనానుకొని లేచును. అమ్మాయిని ముందునకు పొమ్మని పంపి, నడచితిమి. పదునాలుగవ కిలోమీటరు మొదలు నడక యెంతో పరుగెంతో లెక్కించుట మానితిమి. మమ్ము దాటిపోయినవారిలో మాకంటె పెద్దలును ఉండిరి. మూడుగంటల ఆఱు నిమిషములకు ముగించితిమి. అమ్మాయి నలువది నిమిషములు ముందుగనే ముగించి, అరటిపండు ఒలిచి పట్టుకొని నిలిచియుండెను. ముందు తినుమని యెవరయిన అనుట మాకు క్రొత్త, కన్నులనీరు వచ్చినది. ఆ నీటిని చెమటయని బొంకితిమి.

ఇంటికి వచ్చిన పిమ్మట పుష్యమాసమున ఒకనాడు అత్తగారు మాప్రక్కన కూర్చుండి, గొంతు తగ్గించి, "ఆ రక్తపరీక్ష యేదో నాకును చేయింతువా?" అనిరి. వారికి డెబ్బదినాలుగేండ్లు. 8.9 గ్రాములు వచ్చినది. పెద్దవయస్సున రక్తము తగ్గుటకు తిండియే గాక లోపలి జబ్బులును కారణము గావచ్చునని డాక్టరుగారు మఱికొన్ని పరీక్షలు చేసిరి. దైవవశమున జబ్బేమియు లేదు. ఇప్పుడు మాయింట అందఱును ఒక్క పంక్తినే కూర్చుందురు. వడ్డించుట మాత్రము ఇంకను మేమే; ఆ తగవు మఱియొకప్పుడు.

పాలకొల్లు సోదరికి: బూట్లు సాయంకాలమున కొనుడు, అప్పటికి పాదములు కొంచెము వాచియుండును. ముందువైపు బొటనవ్రేలి వెడల్పంత చోటు విడువవలెను. వెలకంటె అమరిక ముఖ్యము. కాని మీ యుత్తరమున హీమోగ్లోబిన్ అంకె లేదు. పరీక్ష చేయించుకొని, ఆ యంకెతో మఱల వ్రాయుడు. వారమువారీ సాధనపు పట్టికను వచ్చు నెల ఊరగాయలతోపాటు ప్రకటింతుము.