ఆ తల్లికి అడ్డం పడకండి

"రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు." పుట్టపర్తిలో, ఆ మాటకొస్తే సీమలో ఏ ఊళ్లోనైనా, చెప్పిన పని చెయ్యని పిల్లవాడి తల్లికి మొదట అందే సలహా ఇదే. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం ఆ తర్వాత. ఈ మాటలన్నిటి వెనకా ఉన్నది ఒకటే నింద: పెంపకం సరిగా లేదని.

ఈ సలహా తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. కొందరు పిల్లలకు 'చెయ్యి' అన్న మాటే తట్టుకోలేని ఒత్తిడి. స్నానానికి రమ్మన్నా, అన్నానికి రమ్మన్నా, ఆఖరికి తమకెంతో ఇష్టమైన ఆటకు రమ్మన్నా గుండెలో దడ పుడుతుంది. ముందు మాట దాటేస్తారు. 'నా కాళ్లు పనిచెయ్యడం లేదు' అంటారు. అప్పటికీ వదలకపోతే కేకలు, వస్తువులు విసరడం. నాటింగ్‌హామ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ న్యూసన్ ఇలాంటి పిల్లలను గమనించి, 1980లలో దీనికి 'పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్' అని పేరు పెట్టారు. ఆటిజంలో కనిపించే ఒక తీరుగా చాలామంది దీన్ని చూస్తారు. వైద్యుల నిర్ధారణ గ్రంథాల్లో దీనికి విడిగా చోటు లేదు, నిపుణుల వాదనా తెగలేదు. అది తెగేదాకా, పొద్దున్నే పిల్లవాణ్ణి బడికి పంపాల్సిన తల్లి ఆగలేదు కదా!

నాకు తెలిసిన ఒకామె ఈ ఊళ్లోనే ఉంటుంది. ఎనిమిదేళ్ల కొడుకుతో 'చెప్పులేసుకో' అని అనదు. రెండు జతలూ గడప దగ్గర పెట్టి, "ఈ పొద్దు నేల బాగా కాల్తాంది" అని తన చెప్పులు తాను తొడుక్కుని బయటికి నడుస్తుంది. ఒక్కోరోజు వాడూ తొడుక్కుని వస్తాడు. లేదంటే ఆ జత సంచిలో వేసుకుని పోతుంది, కాళ్లు కాలినప్పుడు వాడే అడుగుతాడు. తిండి దగ్గరా అంతే. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి వాడి కంచంలో పెట్టి, పక్కన కూర్చుని తాను తింటూ ఉంటుంది. "వానికి నువ్వు భయపడతాండావు" అని అత్తగారు మండిపడితే, "లేదత్తా, భయపడేది వాడు. నేను పడ్డం లేదు" అంది.

ఇది గారాబం కాదు. రోడ్డు మీద చెయ్యి వదలకూడదు, చెల్లెల్ని కొట్టకూడదు. ఈ రెంటి దగ్గర ఆమె ఒక్క అడుగు తగ్గదు. మిగతావి రేపైనా ఫర్వాలేదు. చాక్లెట్ల ఆశ కూడా పెట్టి చూసింది. ఆ ఆశే వాడికి ఇంకో బరువైంది.

ఇక్కడి ఆశ్రమంలో లోకమంతటి నుంచీ వచ్చినవాళ్లు వరుసల్లో మౌనంగా కూర్చునే ఊరిది. ఆ క్రమం మీద నాకు గౌరవముంది. కానీ అదే కొలతతో ఈ పిల్లవాణ్ణి కొలిచినప్పుడు దెబ్బ తల్లికి తగులుతుంది. కరువు నేలలో చాలా ఇళ్ల మగవాళ్లు బెంగళూరు పనులకు పోతారు. పెంపకమూ, మాటపడడమూ ఆడవాళ్లకే మిగులుతాయి. పిల్లవాణ్ణి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చూపించాలన్నా, ఒక రోజు కూలి పోగొట్టుకుని అదే బెంగళూరుకు వెళ్లాలి.

ఆ తల్లి వెనక చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పిల్లవాడి అవసరానికి తగ్గట్టు బడి సర్దుకోవాలని అదే చట్టం చెబుతుంది. బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కాబట్టి తల్లులు బతిమాలనక్కర్లేదు. టీచరుకు కాగితం మీద రాసివ్వండి: అందరి ముందు నిలబెట్టి అడగొద్దు, రెండు పనుల్లో ఒకటి వాణ్ణే ఎంచుకోనివ్వండి, గొడవ ముదరకముందే వరండాలోకి పోనివ్వండి.

2022 నుంచి పుట్టపర్తి జిల్లా కేంద్రం, అధికారులు దూరమన్న సాకు ఇక లేదు. ఈ పిల్లలతో ఎలా మాట్లాడాలో బడుల్లోని టీచర్లందరికీ జిల్లా విద్యాశాఖ నేర్పించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరు ఒక్కరి మీద వదిలేస్తే సరిపోదు, రోజంతా వాళ్లతో గడిపేది క్లాసు టీచరే.