ఎడారి త్రోవయు మోటారుబండియు

యాత్రాగ్రంథములు చదువు బాలురకు మోటారుబండి ప్రయాణములనిన మిక్కిలి మక్కువ. ఎవరో నలుగురు సాహసికులు బండి నెక్కి వేలకొలఁది మైళ్లు గడచి, యిసుకమేటలు దాఁటి, యావలి పట్టణము చేరిరని చదివినంతనే "యంత్రము ఎడారిని జయించినది" అను మాట నోట వెలువడును. ఈ మాట వినుట కింపైనదే గాని సత్యమునకు దూరమైనదని నా యభిప్రాయము. ఎడారి నెవ్వరును జయింపలేదు. నీటిజాడ తెలిసినవారి సాయముచేతఁ గొందఱు దానిని దాఁటిరి, అంతియే. ఆ సాయమును మఱచి జయమును మాత్రమే చెప్పుకొనుట విద్యావంతులకుఁ దగదు. ఇందులకు దృష్టాంతముగా మధ్యాసియాలోని పట్టుత్రోవను గైకొందము.

చీనాదేశమునుండి పడమటి దేశములకుఁ బోవు ప్రాచీన వర్తకమార్గములను 'పట్టుత్రోవ' యని 1877వ సంవత్సరమున రిఖ్తోఫెను అను జర్మను భూగోళశాస్త్రజ్ఞుఁడు వ్యవహరించెను. అది యొక్క త్రోవ కాదు. పెక్కు త్రోవల యల్లిక. దానివెంటఁ బట్టు మాత్రమే గాక కాగితము, గుఱ్ఱములు, మతములు, కథలు గూడ నడచినవి. తక్లమకాను ఎడారి కడుపులోనుండి బిడారులు పోవుట యరుదు. ఉత్తరపు టంచున కూచా, అక్సూ పట్టణముల మీఁదుగను, దక్షిణపు టంచున ఖోటాను, యార్కందుల మీఁదుగను నడచి, కాష్‌గరున నీ దారులు కలిసికొనుచుండెను. ఏలయన, మంచుకొండలనుండి దిగు నేఱులు ఇసుకలో నింకిపోవుటకు ముందు ఆ యంచులయందే ఊళ్లకు నీరొసఁగును. తురఫాను ప్రజలు భూమిలోపల సొరంగపుఁ గాలువలు త్రవ్వి, యెండకు ఆవిరి కాకుండ కొండనీటిని దమ తోఁటలకుఁ దెచ్చుకొనిరి. కావున నీ త్రోవను గీచినవాఁడు రాజును గాఁడు, వర్తకుఁడును గాఁడు, నీరే గీచినది.

మన యాంధ్రదేశమునకు వచ్చి ధాన్యకటకమున నివసించి బౌద్ధశాస్త్రములు చదివిన హ్యూన్‌త్సాంగు క్రీ. శ. 629 ప్రాంతమున నీ త్రోవనే బయలుదేఱెను. ఎడారి మొదట నొక వృద్ధుఁడు ఆయన గుఱ్ఱమును జూచి, యది పనికిరాదని చెప్పి, తన బక్కచిక్కిన యెఱ్ఱగుఱ్ఱము నిచ్చెను. అది హామీ పట్టణమునకుఁ బదునైదు మార్లు పోయి వచ్చినదఁట. కొంతదూరము పోయినపిమ్మట యాత్రికుని నీటితిత్తి చేయిజాఱి నేలపాలయ్యెను. నాలుగు రాత్రు లొక్క చుక్కయైన లేక యాయన సొమ్మసిల్లఁగా, ఆ గుఱ్ఱమే తన యిచ్చవచ్చిన దిక్కునకు మరలి, పచ్చికయు నీరును గల చోటికిఁ జేర్చెను. ఆయన పదియాఱేండ్ల యాత్రకంతకు నాధారమైనది ఒక ముసలి గుఱ్ఱము జ్ఞాపకశక్తి. ఆయన శిష్యులు వ్రాసిన జీవితచరిత్రములో నా గుఱ్ఱమునకుఁ జోటు దొరకినది. ఋణమును మఱవని లక్షణ మిదియే.

ఇఁక మోటారుల మాట. ఫ్రాన్సుదేశమున బండ్లు నిర్మించు ఆంద్రే సిత్రోయెను పంపిన యాత్రాదళము, హార్డు అను నాయకుని క్రింద, 1931వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీని బేరూతు నగరమునుండి బయలుదేఱెను. ఆ బండ్లకు ముందువైపున చక్రములును, వెనుకవైపున నిసుకలోఁ గూరుకొనకుండ రబ్బరుపట్టీలును గలవు. రెండవ దళము విక్తరు ప్వాను నాయకత్వమునఁ జీనాలోని తియెన్‌త్సినునుండి పడమటికి వచ్చి మొదటిదానిని గలిసికొనవలసి యుండెను. సోవియటు ప్రభుత్వము తన దేశముగుండఁ బోనీయనందున, మొదటి దళము ఇరాకు, పారసీకము, ఆఫ్ఘనిస్థానము దాఁటి కాశ్మీరమునకు వచ్చి, శ్రీనగరమునుండి గిల్గిత్తునకుఁ గొండదారిఁ బట్టెను.

ఆ దారి గుఱ్ఱములకును మనుష్యులకును జేసినది గాని బండ్లకుఁ జేసినది కాదు. పదుమూడువేల యడుగులకు మించిన బుర్జిలు కనుమ నెక్కవలసి వచ్చెను. అంచులు విఱిగిన చోటులఁ గూలివాండ్రు ఱాళ్లు పేర్చి దారి కట్టిరి. కొన్ని యెడల బండ్లను ముక్కలుముక్కలుగా విప్పి వీఁపులపై మోసికొనిపోయిరి. రెండు బండ్లు మాత్రము గిల్గిత్తు చేరినవి. అచటినుండి యాత్రికులు వానిని విడిచి గుఱ్ఱముల నెక్కి పోయిరి. రెండవ దళమో గోబీ ఎడారిలో ఒంటెల బిడారులు ముందుగాఁ జేరవేసిన పెట్రోలుతో నడచెను! ఊరుంచీలో నచటి ప్రభుత్వము వారిని జాలకాల మాపివేసెను. ఆ రాష్ట్రమున నప్పుడంతర్యుద్ధము జరుగుచుండెను. తుదకు 1931 అక్టోబరులో అక్సూకడ రెండు దళములు గలిసికొని, 1932 ఫిబ్రవరి 12వ తేదీని పెకింగు చేరెను. నాయకుఁడగు హార్డు నెల దాఁటిన పిదప హాంగుకాంగులో న్యూమోనియా జ్వరముచే మరణించెను.

ఇది గొప్ప సాహసమనుటకు సందేహము లేదు. కాని గమనింపుఁడు: గిల్గిత్తు చేరిన బండ్లకు 'బంగారు పురుగు', 'వెండి నెలవంక' యని పేళ్లు గలవు. ఆ పేళ్లు నేఁటికిని జెప్పుకొనుచున్నారు. ఆ బండ్లను వీఁపులపై మోసిన కాశ్మీరపుఁ గూలివాండ్ర పేళ్లును, గోబీలోనికిఁ బెట్రోలు చేరవేసిన యొంటెకాండ్ర పేళ్లును జెప్పుకొనువారెవ్వరు? ఇనుమునకు నామకరణము జరిగినది. మనుష్యుఁడు లెక్కలో 'కూలి' గా మిగిలెను. ఇదియే నాకుఁ గష్టముగాఁ దోఁచు విషయము.

అట్లని యంత్రమును నిందించి, కాలినడకయే పరమమని వాదించువారితో నేనేకీభవింపను. నెమ్మది యను గుణమొక్కటియే మనుష్యుని గాపాడదు. స్వీడను దేశీయుఁడగు స్వెన్ హెడిను 1895వ సంవత్సరమున నొంటెలతోఁ దక్లమకాను దాఁటఁబోయి, నీరు చాలక, తన పరిజనులలో నిద్దఱిని గోల్పోయెను. తాను ఖోటాను నదీగర్భమున నొక నీటిమడుగును గనుఁగొని, తన బూటులలో నీరు నింపికొనివచ్చి కాసిమను సేవకుని బ్రదికించెను. ఆయనయే 1933లో నాంకింగు ప్రభుత్వము పక్షమున మోటారుదారుల యనుకూలతను బరీక్షించుటకు లారీలతో మరల నా ప్రాంతమునకుఁ బోయెను. మంచి బాట పడినచో వైద్యుఁడును, పుస్తకమును, ధాన్యమును దూరపుటూళ్లకు త్వరగాఁ జేరును. దాహముతోఁ జచ్చినవారి నెఱిఁగిన యెవ్వఁడును వేగమును దోషమనఁడు. దోషము వేగమునందు లేదు, మఱపునందున్నది.

నేఁటి సంగతియు నిట్టిదే. పూర్వము బిడారులు తప్పించుకొనిపోయిన తక్లమకాను నడుమనే 1995వ సంవత్సరమునకు లుంతాయినుండి మిన్‌ఫెంగు వఱకు ఐదువందల కిలోమీటర్లకు మించిన తారుబాట పూర్తియైనది. ఇప్పుడు మోటారువాఁడు ఒక్క దినములో దానిని దాఁటి, తన యింజను బలమును గూర్చి మురిసికొనవచ్చును. కాని యా బాట యిసుకలోఁ గప్పఁబడకుండుటకుఁ గారణము దాని కిరువైపుల నాటిన పొదల వరుసలు. ఆ పొదలకు ఉప్పునీటి బావులు నూఱింటికిఁ బైఁగా త్రవ్విరి. ఒక్కొక్క బావికడ నొక చిన్న గదిలో, పెక్కుచోట్ల భార్యాభర్తలు, నెలలతరబడి కాపురముండి మొక్కలకు నీరు పెట్టిరి. ముసలి గుఱ్ఱము చేసిన పనినే వారు వేఱొక విధమునఁ జేసిరి. త్రోవ మాఱినది, బండి మాఱినది. నీరు గాచువాని యవసరము మాత్రము మాఱలేదు.

విద్యార్థులారా! మీరు యాత్రావృత్తాంతము చదివినపుడెల్ల మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు: త్రోవ చూపినవారెవరు? నీరిచ్చినవారెవరు? బరువు మోసినవారెవరు? ఈ ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరమీయని గ్రంథము ఎంత రమ్యమైనదైనను అసంపూర్ణమని యెఱుఁగుఁడు. భూగోళపటములో ఎఱ్ఱగీఁతగాఁ గనఁబడు ప్రతి మార్గము వెనుకను బావుల వరుస యొకటి యుండును. ఆ గీఁతను మాత్రమే నేర్చినవాఁడు పరీక్షలోఁ గృతార్థుఁడు కావచ్చును. ఆ బావులను, వానిని గాచినవారిని దలఁచువాఁడే లోకము నెఱిఁగినవాఁడు. తలిదండ్రులును, ఉపాధ్యాయులును బాలురకు దూరదేశముల వింతలతోఁబాటు ఈ ఋణమును గూడ నేర్పుదురుగాక.